తోడేలు మనిషి నవలకు పౌర్ణమి, వెండి తూటా తప్పనిసరా? లివోనియా రైతు థీస్ కథపై చర్చ

శబరీతీరం:

మిత్రులందరికీ నమస్కారం. తోడేలుగా మారే మనిషి కథానాయకుడుగా ఒక నవల రాస్తున్నాను. సగం వరకు వచ్చింది. కథాస్థలం లివోనియాలో నేటి లాత్వియాలోకి వచ్చే భాగం, కాలం 1691, 1692 సంవత్సరాలు. కథానాయకుడు నా కల్పన కాదు. థీస్ అనే ఆ ముసలి రైతు చెప్పిన మాటలు న్యాయస్థానపు కాగితాల్లో నిలిచి ఉన్నాయి. ఆయన గురించి వినని సభ్యుల కోసం సంగతి కొంత వివరంగా చెప్పి, ఆ తర్వాత నా సందేహాలు మీ ముందు పెడతాను.

అప్పట్లో లివోనియా స్వీడన్ ఏలుబడిలో ఉండేది. భూములు జర్మన్ భూస్వాముల చేతుల్లో ఉండగా, వాటిని దున్నే లాత్వియన్ రైతులు ఆ భూములకే కట్టుబడి బతికేవారు. యూర్గెన్స్‌బుర్గ్ అనే చోట చర్చిలో జరిగిన ఒక దొంగతనం విచారణకు, ఎనభై ఏళ్లు దాటిన థీస్‌ను సాక్షిగా పిలిచారు. సాక్షులచేత ప్రమాణం చేయిస్తున్న వేళ సత్రం నడిపే పీటర్ అనే మరో సాక్షి నవ్వాడు. కారణం అడిగితే, థీస్ దయ్యంతో తిరిగే తోడేలు మనిషి అని ఊరందరికీ తెలుసునని, అటువంటివాడిచేత కూడా ప్రమాణం చేయిస్తున్నారా అని అన్నాడు. థీస్ ఆ మాటను ఖండించలేదు. తాను ఒకప్పుడు తోడేలు మనిషినేనని, పదేళ్ల కిందట ఆ పని విడిచిపెట్టానని చెప్పాడు. అంతటితో ఆగకుండా, తోడేలు మనుషులు దేవుడి వేటకుక్కలని, సంవత్సరంలో కొన్ని నిర్ణీత రాత్రులలో వారు నరకానికి వెళతారని, అక్కడ మాంత్రికులు దాచిన ధాన్యాన్ని, పైరు పూతను వెనక్కి తెస్తారని, అలా తేకపోతే ఆ ఏడు పంట పండదని వివరించాడు. ఏ సంవత్సరమైనా తమవారు ఆలస్యంగా వెళితే, రష్యా వైపు తోడేలు మనుషులు ముందే వచ్చి రష్యా నేల భాగ్యాన్ని పట్టుకుపోతారని, అప్పుడు వాళ్లకు పంట బాగుండి ఇక్కడ కొరత వస్తుందని కూడా చెప్పాడు. తన ముక్కు విరిగింది కూడా ఆ నరకంలోనేనని, స్కైస్టన్ అనే రైతు గుర్రపు తోక వెంట్రుకలు చుట్టిన చీపురుకర్రతో కొట్టాడని వాంగ్మూలం ఇచ్చాడు. న్యాయాధికారులకు ఆయన బుద్ధి స్థిమితం మీద అనుమానం వచ్చి విచారించగా, ఎరిగినవారందరూ ఆయన తెలివి చక్కగా ఉందనే చెప్పారు. పశ్చాత్తాపపడమని బోధించడానికి పాస్టర్‌ను పిలిపిస్తే, ఆ పాస్టర్ వయసులో చిన్నవాడని, ఈ విషయం ఆయనకన్నా తనకే బాగా తెలుసునని థీస్ సమాధానమిచ్చాడు. చివరికి 1692 అక్టోబరులో కొరడా దెబ్బలు, దేశ బహిష్కరణ శిక్షగా పడ్డాయి.

నా సందేహాలు ఇవి. థీస్ చెప్పిన మాయలోకాన్ని నవలలో నిజంగా జరిగినట్టే చూపించాలా, లేక పాఠకుడు నమ్మాలో వద్దో తేల్చుకోలేని స్థితిలో ఉంచాలా? తోడేలు మనిషి అనగానే పాఠకులు ఎదురుచూసే పౌర్ణమి చంద్రుడు, వెండి తూటా, కాటుతో అంటుకునే శాపం ఈ కథలో ఎక్కడా లేవు. వాటిని చేర్చకపోతే పాఠకుడు నిరాశపడతాడా?

నిశాచరి:

శబరీతీరం గారూ, విషయం నన్ను కట్టిపడేసింది. అయినా పాఠకుడి పక్షాన ఒక మాట చెప్పనివ్వండి. పౌర్ణమి అన్నది కేవలం అలంకారం కాదు. పాఠకుడికి అది ఒక గడియారం. ఫలానా రాత్రి మార్పు తప్పదని తెలిసినప్పుడు, ఆ రాత్రి దగ్గరపడుతున్న కొద్దీ ఉత్కంఠ దానంతట అదే పెరుగుతుంది. ఇష్టం లేకుండా, ఆపుకోలేకుండా, తన వారినే చంపుతానన్న భయంతో మారడంలోనే తోడేలు మనిషి విషాదమంతా ఉంది. మీ థీస్ కోరి మారతాడు, పనికి వెళ్లినట్టు వెళతాడు, పని ముగించుకుని తిరిగి వస్తాడు. ఇందులో భయం ఎక్కడ నుంచి పుట్టాలి?

మరొక సంగతి. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోయిన కథ వింటూ పెరిగినవాళ్లం మనం. రూపం మార్చడమంటే మాంత్రికుడు మరొకరి మీద చేసే దౌర్జన్యమని మన మనసుల్లో నాటుకుపోయింది. తనను తానే మార్చుకుని, ఊరి పంట కోసం మాంత్రికుల మీదికి వెళ్లే మనిషిని తెలుగు పాఠకుడు అంగీకరించాలంటే మీరు చాలా పునాది వేయవలసి ఉంటుంది. వేయవద్దని నా ఉద్దేశం కాదు. అది ఈ నవలకు పెద్ద బలమే కావచ్చు.

రాతప్రతి:

నిశాచరి గారు చెప్పిన ఆపుకోలేని మార్పు ఈ కథలన్నిటికీ మూలమని అనుకోవడం సరికాదు. పాత కథలను వరుసగా చూస్తే ఒక్కొక్క కాలంలో మార్పుకు ఒక్కొక్క కారణం కనిపిస్తుంది. గ్రీకు పురాణగాథలో అర్కేడియా రాజు లైకయాన్ దేవుణ్ణి పరీక్షించబోయి, నరమాంసం వడ్డించి తోడేలుగా మారాడు. రోమన్ కవి ఓవిడ్ ఆ కథను తన కావ్యం మొదటి భాగంలోనే చెప్పాడు. అది ఒకే ఒక్కసారి పడిన శిక్ష. అందులో తిరిగి మనిషి కావడం లేదు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన చరిత్ర నాలుగో భాగంలో నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న సిథియా ప్రాంతపు న్యూరీ ప్రజలు ఏటా కొద్ది రోజులు తోడేళ్లు అవుతారని స్థానికులు చెబుతారని రాస్తూ, తాను మాత్రం నమ్మనని స్పష్టం చేశాడు. రోమన్ రచయిత పెట్రోనియస్ చెప్పిన కథలో ఒక సైనికుడు సమాధుల దగ్గర బట్టలు విప్పి, వాటి చుట్టూ మూత్రం పోసి తోడేలవుతాడు. ఆ రాత్రి వెన్నెల పట్టపగలులా ఉందని కథకుడు అంటాడు కాని, వెన్నెల వల్ల మారాడని అనడు. తోడేలు మెడకు ఈటె దెబ్బ తగిలితే, తెల్లవారి మంచం మీద ఉన్న సైనికుడి మెడకు వైద్యుడు కట్టు కడుతూ కనిపిస్తాడు. మారిన రూపానికి తగిలిన గాయం మనిషి ఒంటి మీద తేలడమన్నది అక్కడి నుంచి ఇప్పటిదాకా వదలకుండా వచ్చిన అంశం. నవలా రచయితకు పౌర్ణమికన్నా ఎంతో విలువైనది.

12వ శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ రాసిన బిస్క్లావ్రె కథలో వారానికి మూడు రోజులు తోడేలయ్యే ప్రభువు, తిరిగి మనిషి కావాలంటే విప్పిన బట్టలు దొరకాలి. భార్య వాటిని దొంగిలింపజేస్తుంది. అదే శతాబ్దపు చివర గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాచార్యుడు ఐర్లండ్ గురించి రాస్తూ, ఒస్సరీ ప్రాంతంలో ఒక సాధువు శాపం వల్ల ప్రతి ఏడేళ్లకు ఒక స్త్రీ, ఒక పురుషుడు తోడేలు రూపంలో ఊరు విడిచి ఉండాలని చెప్పాడు. అడవిలో మంట వేసుకుని కూర్చున్న పూజారి దగ్గరకు తోడేలు వచ్చి, చావుబతుకుల్లో ఉన్న తన సహచరికి చివరి సంస్కారం చేయమని ప్రాధేయపడుతుంది. పూజారి జంకితే ఆ తోడేలు తన సహచరి చర్మాన్ని పక్కకు తొలగించి లోపల ఉన్న ముసలి స్త్రీని చూపిస్తుంది. కరుణ నిండిన ఈ ఘట్టానికి సాటి రాగలది తర్వాతి తోడేలు కథలలో నాకు కనిపించలేదు.

ఇక వెండి తూటా. ఫ్రాన్స్‌లోని జెవొదాన్‌లో 1764 నుంచి 1767 వరకు ఒక క్రూరమృగం దాదాపు వందమందిని చంపింది. 1767 జూన్‌లో జాన్ షస్తెల్ దాన్ని కాల్చి చంపాడు. ఆయన వెండి తూటా వాడాడన్నది తర్వాతి కాలంలో చేరిన మాట. కాటు, వెండి, చంద్రుడు కలిసి ఒకే సూత్రంగా స్థిరపడటానికి 1941లోను, ఆ తర్వాతి కొన్నేళ్లలోను వచ్చిన హాలీవుడ్ చిత్రాలు ముఖ్య కారణం. 1691లో నడిచే నవలలో వాటిని పెడితే కాలం చెడుతుంది.

శబరీతీరం:

రాతప్రతి గారికి కృతజ్ఞతలు. నిశాచరి గారు అడిగిన గడియారం థీస్ కథలోనే ఉందని నాకు అనిపిస్తోంది. నరకానికి వెళ్లే రాత్రులలో ముఖ్యమైనది క్రిస్మస్‌కు ముందు వచ్చే సెయింట్ లూసియా రాత్రి. ఆ రోజుల్లో స్వీడన్ రాజ్యం పాత జూలియన్ క్యాలెండరునే పాటించేది. ఆ లెక్కన డిసెంబరు 13 అంటే ఇప్పటి లెక్కలో డిసెంబరు 23, అంటే ఏడాదిలో దాదాపు అతి పొడవైన రాత్రి. పొలాల్లో శరదృతువులో చల్లిన రై అనే ధాన్యపు గింజ మంచు కింద ఉంటుంది. బార్లీ, ఓట్స్ వసంతంలో చల్లడానికి గాదెలో ఉంటాయి. ఆ రాత్రి ధాన్యం వెనక్కి రాకపోతే వచ్చే ఏడు ఊరికి తిండి ఉండదు. నవలలో ఉత్కంఠ అక్కడే పుట్టాలని నా ఆలోచన.

భయం సంగతికి వస్తే, థీస్ చెప్పిన మరో వివరం ఉంది. ఈ శక్తిని వదిలించుకోవాలంటే మరొకరికి అప్పగించాలి. పానీయపు పాత్రలో మూడుసార్లు ఊది, నాకు జరిగినట్టే నీకూ జరగాలని చెప్పి ఇవ్వాలి. ఎదుటి వ్యక్తి దాన్ని తీసుకుంటే శక్తి అతనికి పోతుంది. థీస్‌కు అది అలాగే వచ్చింది. ఊరి విందులో చేయి చాచి ఇచ్చే ప్రతి పాత్రనూ అనుమానంగా చూడవలసిన లోకం అది.

నిశాచరి:

ఇది వింటే నా అభ్యంతరం చాలా వరకు తగ్గింది. కాల్పనిక సాహిత్యంలో మాయకు ఏదో ఒక నియమం ఉండాలి, ఆ నియమానికి మూల్యం ఉండాలి అన్నదే నా పట్టుదల. పాత్ర అందించే నియమం పౌర్ణమికన్నా గట్టిది, ఎందుకంటే అందులో ఒక మనిషి ఇంకొకరిని ఎంచుకోవాలి. ఎనభై ఏళ్లు దాటినవాడు, వారసుడు కావాలి, ఇస్తే ఆ వారసుడికి విచారణ తప్పదు. ఇవ్వకపోతే ఊరి గింజ ఎవరు తేవాలి? నవల అంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడవవచ్చు. దయచేసి దాన్ని మూడో అధ్యాయంలోనే పరిష్కరించకండి.

కొండగాలి:

చర్చకు అడ్డు తగులుతున్నాననుకోకపోతే ఒక ప్రశ్న. లివోనియా దాకా ఎందుకు వెళ్లాలి? మా విశాఖ మన్యంలోను, సరిహద్దు ఒడిశాలోను కోందు గిరిజనులలో ఇటువంటి నమ్మకం ఉండేది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో దీన్ని నమోదు చేశాడు. మనిషి ఆత్మలో సగం శరీరం విడిచి పులిగానో పాముగానో మారుతుందని, శత్రువును చంపడానికో, అడవిలో పశువులను కడుపారా తినడానికో అలా వెళుతుందని, ఆ సమయంలో శరీరం మందకొడిగా, నిస్సత్తువగా ఉంటుందని, అడవిలో ఆ పులి చస్తే ఇక్కడ మనిషి కూడా అదే క్షణాన చస్తాడని వారు నమ్మేవారని అందులో ఉంది. నాగా కొండల సేమా నాగాలలో చిరుత మనుషుల గురించి హట్టన్ అనే బ్రిటిష్ అధికారి 1920లో రాసిన వ్యాసంలో కూడా శరీరం మారదు. ఆత్మ చిరుతలో ప్రవేశిస్తుంది, చిరుతకు తగిలిన గాయం మనిషి ఒంటి మీద తేలుతుంది. రాతప్రతి గారు చెప్పిన రోమన్ సైనికుడి మెడ గాయాన్ని చూసి నేను ఉలిక్కిపడ్డాను. ఇంత దగ్గరలో ఇంత సామగ్రి ఉండగా తెలుగు రచయిత దాన్ని వదిలి మంచు దేశానికి పోవడం నాకు బాధ కలిగించింది.

శబరీతీరం:

కొండగాలి గారూ, మీ బాధ అర్థమైంది. నేను శబరి ఒడ్డున పెరిగినదాన్ని కనుక మీరు చెప్పినదానికి దూరంగా లేను. కాని కోందుల నమ్మకం గురించి నాకు తెలిసినదంతా బయటివారు రాసిన నాలుగైదు వాక్యాలే. ఆ నమ్మకాన్ని తనదిగా భావించిన ఒక్క మనిషి గొంతు కూడా నా చేతిలో లేదు. థీస్ విషయంలో ప్రశ్న, జవాబు వరుసగా ఉన్నాయి. ఆయన ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ మాట మార్చాడో, ఎక్కడ మొండికేశాడో కనిపిస్తుంది. ఆ గొంతు కోసమే లివోనియా వెళ్లాను. కోందుల పులి నవల కోందు రచయిత చేతి మీదుగా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

రాతప్రతి:

శరీరం మారుతుందా, ఆత్మ మారుతుందా అన్న ప్రశ్న లివోనియా పక్కనే ఉన్న ఎస్టోనియాలో నేరుగా న్యాయస్థానంలోనే అడిగారు. 1651లో ఇడవెరె అనే చోట హాన్స్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు తాను రెండేళ్లుగా తోడేలుగా వేటాడుతున్నానని ఒప్పుకున్నాడు. వేటలో నీ శరీరం పాల్గొన్నదా, ఆత్మ మాత్రమేనా అని న్యాయాధికారులు అడిగారు. తోడేలుగా ఉన్నప్పుడు కుక్క కరిచిన పళ్ల గాట్లు తర్వాత తన కాలి మీద కనిపించాయని హాన్స్ చెప్పాడు. శరీరమే మారిందని ఆయన భావం. థీస్ విచారణలో న్యాయాధికారులు ఇంకా చిన్న చిన్న వివరాల వెంటపడ్డారు. తోడేళ్లుగా తెచ్చిన పశువుల మాంసాన్ని పచ్చిగా తిన్నారా అని అడిగితే, థీస్ కాల్చి, ఉప్పు వేసుకుని తిన్నామన్నాడు. తోడేలు రూపంలో కాల్చడం ఎలా అని వాళ్లకు మళ్లీ సందేహం. ఈ సంభాషణను ఉన్నది ఉన్నట్టుగా నవలలోకి తీసుకోమని నా సలహా.

ఇక మీ మొదటి సందేహానికి చరిత్రకారులు కూడా ఏకాభిప్రాయానికి రాలేదు. ఈ విచారణ పత్రాలను హెర్మాన్ ఫాన్ బ్రూయినింక్ 1924లో ప్రచురించాడు. 1934లో ఆస్ట్రియా పండితుడు ఒట్టో హోఫ్లర్ వీటిని పురాతన జర్మన్ యోధుల రహస్య సంఘాలకు సాక్ష్యంగా వాడుకున్నాడు. నాజీ భావజాలానికి దగ్గరగా ఉన్న ఆ వాదం పట్ల జాగ్రత్త వహించాలి. ఆ తర్వాత ఇటలీ చరిత్రకారుడు కార్లో గింజ్‌బుర్గ్ ఉత్తర ఇటలీలోని ఫ్రియూలిలో బెనందాంతీలు అనేవారి విచారణలను పరిశీలించి, 1966లో వచ్చిన తన పుస్తకంలో థీస్‌ను వారి పక్కన నిలిపాడు. పుట్టుకలోనే ఉమ్మనీటి సంచి పొర తలకు అంటుకుని వచ్చిన ఆ పల్లెవాసులు, ఏడాదికి నాలుగు పర్వాలలో ఆత్మరూపంలో వెళ్లి, సోంపు మొక్కల కాడలు పట్టుకుని, జొన్న కాడలు పట్టిన మాంత్రికులతో పంట కోసం యుద్ధం చేస్తామని చెప్పేవారు. ఇంత దూరంలో ఇంత పోలిక ఉన్నదంటే, క్రైస్తవం కన్నా పాతదైన ఒక విశ్వాసం ఐరోపా అంతటా ఉండేదని గింజ్‌బుర్గ్ వాదన. అమెరికా పండితుడు బ్రూస్ లింకన్ దీనికి భిన్నంగా, థీస్ మాటలను ఆ న్యాయస్థానంలోనే, ఆ అణచివేతలోనే చూడాలంటాడు. భూస్వాములు, పాస్టర్లు రైతును తోడేలు అని, దయ్యం బంటు అని నిందిస్తే, థీస్ ఆ నిందనే తీసుకుని తిప్పికొట్టాడు. ధాన్యం ఎత్తుకుపోయేవారు మాంత్రికులు, దాన్ని వెనక్కి తెచ్చేవాడు తాను. రైతు కష్టాన్ని ఎత్తుకుపోయేది ఎవరో ఆ గదిలో కూర్చున్నవారికి తెలియనిది కాదు. ఇద్దరూ ఉమ్మడిగా 2020లో ఒక పుస్తకం తెచ్చి కూడా ఈ విభేదాన్ని విభేదంగానే ఉంచారు.

నా మట్టుకు లింకన్ వాదనే నవలకు ప్రాణం పోస్తుంది. గింజ్‌బుర్గ్ వాదన నవలకు లోతు ఇస్తుంది కాని, సంఘర్షణ ఇవ్వదు.

తెల్లకాగితం:

అందరి మాటలు శ్రద్ధగా చదివాను. నాకు ఒక ఆందోళన ఉంది. థీస్‌ను పంటరక్షకుడిగా, తిరుగుబాటుదారుగా చిత్రిస్తే నవల అందంగా వస్తుంది. అయితే తోడేలు మనిషి అన్న నిందతో ఐరోపాలో ఏం జరిగిందో నవల మరిచిపోతే అది అన్యాయమవుతుంది. 1589లో జర్మనీలోని కొలోన్ దగ్గరి బెడ్‌బుర్గ్‌లో పీటర్ స్టంప్ అనే రైతును, దయ్యం ఇచ్చిన నడికట్టు కట్టుకుని తోడేలై పిల్లలను చంపాడన్న అభియోగంతో చక్రానికి కట్టి చిత్రవధ చేసి చంపారు. ఆయనతోపాటు ఆయన కూతురిని, మరో స్త్రీని కూడా చంపి కాల్చారు. ఆ ఒప్పుకోలు చిత్రహింసల బెదిరింపు కింద వచ్చినది. 1603లో ఫ్రాన్స్‌లోని బోర్డో న్యాయస్థానం ముందుకు వచ్చిన జాన్ గ్రెనియే పదమూడు, పద్నాలుగేళ్ల పశువుల కాపరి. పిల్లలను తిన్నానని తనంతట తానే చెప్పుకున్నాడు. న్యాయస్థానం అతని మానసిక స్థితిని గమనించి మరణశిక్ష వేయక మఠంలో ఉంచింది.

మరో మాట కూడా ఉంది. ఎస్టోనియా విచారణలలో తోడేలుగా నిందితులైనవారిలో పురుషులకన్నా స్త్రీలే ఎక్కువ. మీ నవలలో ఇంతవరకు ఒక్క స్త్రీ పేరు కూడా ఈ చర్చలో వినపడలేదు. థీస్ పశువులకు, మనుషులకు మంత్రించిన ఉప్పుతో, దీవెనలతో వైద్యం చేసేవాడని ఆ పత్రాల్లోనే ఉంది కదా. అటువంటి పని చేసే స్త్రీలు అదే పరిసరాల్లో ఎంతమంది నిందల పాలయ్యారో ఊహించుకోండి. పానీయపు పాత్రను ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు మీ దగ్గర స్త్రీ పాత్ర ఉంటే నవల మొత్తం మారిపోతుంది.

శబరీతీరం:

తెల్లకాగితం గారు చెప్పినది నేను చాలా తీవ్రంగా తీసుకుంటున్నాను. థీస్ వైద్యం మీద ఒక అధ్యాయం రాశాను. జబ్బుపడిన పశువు కోసం సూర్యచంద్రులు సముద్రం దాటి వెళ్లి, దయ్యం నరకానికి తీసుకుపోయిన ప్రాణాన్ని తెచ్చి ఇవ్వాలని కోరే మంత్రం అందులో ఉంది. అది విన్న న్యాయాధికారులకు దేవుడి పేరు లేకపోవడమే పెద్ద నేరంగా తోచింది. ఆ మంత్రాన్ని పక్కనుండి నేర్చుకునే మనుమరాలి పాత్రను ఇప్పుడు పెంచుతాను. మనుమరాలు కల్పన అని ముందుమాటలో చెబుతాను.

ఉత్తరధ్రువం:

నేను రీగాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థులూ ఉన్నారు. నవలలోని ప్రదేశాలలో కొన్ని చూసినవాణ్ణి కనుక కొన్ని వివరాలు పనికి రావచ్చు. యూర్గెన్స్‌బుర్గ్ ఇప్పటి జౌబె. థీస్ విచారణలో వినిపించే మరో రెండు ఊళ్లలో లెంబుర్గ్ ఇప్పటి మాల్పిల్స్, నిటావు ఇప్పటి నీతౌరె. ఈ మూడూ రీగాకు తూర్పు, ఈశాన్య దిక్కుల్లో, ఒకదానికొకటి మరీ దూరం కాకుండా ఉన్నాయి. థీస్ చెప్పిన నరక ద్వారం లెంబుర్గ్ దగ్గరి బురదనేలలో ఉంది. అంటే ఆయన నరకం ఏ కనపడని లోకంలోనో లేదు. ఊరి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంది. ఈ ప్రాంతపు పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న) బురదనేలలు శీతాకాలంలో గడ్డకడతాయి. వేసవిలో పొరపాటున అడుగు వేస్తే దిగిపోయే చోట కూడా అప్పుడు ధైర్యంగా నడవవచ్చు. లూసియా రాత్రి ప్రయాణానికి ఇది కథాపరంగా గట్టి కారణం కాగలదు. డిసెంబరు చివర ఇక్కడ ఉదయం తొమ్మిదికి తెల్లవారుతుంది, సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది.

రైతుల జీవితంలో ముఖ్యమైన మరొక చోటు ధాన్యం ఆరబెట్టే కొట్టం. కోసిన పనలను లోపల దూలాల మీద పేర్చి, కింద పొయ్యి వెలిగించి, పొగ, వేడి పట్టించి ఆ తర్వాతే నూర్చేవారు. ఇక్కడి పంటకాలం చిన్నది, గాలిలో తేమ ఎక్కువ కనుక ఎండను నమ్ముకోలేరు. అందువల్ల ఇక్కడి రై గింజకు పొగ వాసన ఉండేది. నరకం నుంచి తెచ్చిన ధాన్యం ఏ వాసన వేస్తుందన్నది రచయిత్రి ఊహకే వదిలేస్తున్నాను.

నిశాచరి:

ఉత్తరధ్రువం గారి పోస్టు చదివాక మొదటి సందేహానికి నా జవాబు స్థిరపడింది. నరకం నడిచి వెళ్లగల దూరంలో ఉన్నప్పుడు, మాయ నిజమా కలా అని పాఠకుణ్ణి ఊగిసలాడించడం అనవసరం. థీస్‌కు అది నిజం. ఆయన వెంట వెళ్లే అధ్యాయాలన్నీ నిస్సంకోచంగా నిజంగా రాయండి. బురదలో దిగబడే కాలు, నరకపు కావలివాళ్ల ఇనుప కొరడాలు, విందు చేసుకుంటున్న మాంత్రికులు, విరిగిన ముక్కు, అన్నీ. న్యాయస్థానపు అధ్యాయాలలో మాత్రం మాయ ఒక్క చుక్క కూడా కనపడకూడదు, ముసలివాడి మాటలు తప్ప. ఆ రెండు లోకాలు ఒకదానికొకటి సమాధానం చెప్పకుండా పక్కపక్కనే ఉండాలి.

కొండగాలి:

నిశాచరి గారి పద్ధతిలో ఒక చిక్కు ఉంది. న్యాయస్థానపు అధ్యాయాలను మాయ లేని వాస్తవంగా చూపిస్తే, ఆ కాగితాలే సత్యమని పాఠకుడు అనుకుంటాడు. ఆ కాగితాలు జర్మన్ భాషలో ఉన్నాయి. థీస్ మాట్లాడినది లాత్వియన్ రైతుల భాష. ప్రశ్నించినవారు ఒక భాషలో ఆలోచించి, రాసినవారు మరొకరి నోటి మాటను తమ భాషలోకి తెచ్చుకుని రాశారు. మా మన్యంలో ఇటువంటి సాక్ష్యాలు ఎలా తయారవుతాయో మాకు బాగా తెలుసు. దుబాసీ ఒక వాక్యం తగ్గిస్తాడు, గుమాస్తా ఒక వాక్యం సరిచేస్తాడు. వాంగ్మూలం రాసిన గుమాస్తాను ఒక పాత్రగా పెట్టండి. ఆయన ఏం వదిలేశాడో పాఠకుడికి తెలియాలి. అప్పుడు న్యాయస్థానం కూడా ఒక కథ చెప్పేదే అవుతుంది.

శబరీతీరం:

ఇది ఎంత మంచి సూచనో చెప్పలేను. గుమాస్తా పాత్రను తప్పక పెడతాను. ఇప్పుడు నన్ను వేధిస్తున్నది ముగింపు. బహిష్కరణ తర్వాత థీస్ నవలలో ఎక్కడికి వెళ్లాలి? ఊరి వాళ్లలో ఆయనకు ఎంత గౌరవమంటే, అంతకు ముందు నిటావులో ఒక న్యాయాధికారి ఈ కథ విని నవ్వి వదిలేసిన తర్వాత, రైతులు ఆయన్ను దేవుడిలా చూశారని విచారణలో చెప్పారు. అటువంటి మనిషిని ఊరు దాటించిన రోజు ఊరు ఏం చేసి ఉంటుంది?

రాతప్రతి:

చరిత్ర మీకు ఒక భయంకరమైన ముగింపు ఇస్తోంది. 1695 నుంచి 1697 వరకు ఎస్టోనియా, లివోనియాలలో మహాక్షామం వచ్చింది. వానలు ఆగక పంటలు కుళ్లాయి, ముందుగా వచ్చిన చలి మిగిలినదాన్ని చంపింది. ఎస్టోనియాలో జనాభాలో దాదాపు ఐదో వంతు మరణించారని అంచనా. అటువంటి రోజుల్లో కూడా ధాన్యం ఓడల్లో బయటికి ఎగుమతి అయింది. ఆ వెంటనే 1700లో స్వీడన్‌కు, రష్యా కూటమికి మధ్య ఉత్తర మహాయుద్ధం మొదలైంది. గింజ తెచ్చేవాణ్ణి ఊరి నుంచి గెంటిన మూడేళ్లకు గింజ లేకుండా పోయింది. ఈ రెండింటి మధ్య కారణ సంబంధం ఉందని చరిత్రకారుడు అనలేడు. నవల అనగలదు.

తెల్లకాగితం:

అక్కడే నేను విభేదిస్తున్నాను. క్షామాన్ని థీస్ బహిష్కరణకు ఫలితంగా చూపిస్తే, ఆకలితో చచ్చిన వాళ్ల చావుకు కారణం ఒక మంత్రం విఫలం కావడమే అవుతుంది. రాతప్రతి గారే చెప్పారు, ధాన్యం ఓడలెక్కి వెళ్లిందని. ఆ ఓడలను ఎవరు నింపారో నవల చెప్పాలి. క్షామాన్ని ముగింపుగా కాకుండా, మనుమరాలు బతకవలసిన కాలంగా పెట్టండి. ఆ పిల్ల లూసియా రాత్రి బురదనేల దాటి నరకంలో వెతికితే అక్కడ గాదెలు ఖాళీగా ఉండాలి. ధాన్యం నరకంలో లేదు, రేవులో ఉంది.

శబరీతీరం:

తెల్లకాగితం గారూ, ఈ ఆలోచన వాడుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను. దీనివల్ల రెండో సగం మళ్లీ మొదటి నుంచి రాయవలసి వస్తుంది, రాస్తాను.

తెల్లకాగితం:

నిస్సంకోచంగా వాడుకోండి. ఒక్క విన్నపం మాత్రం ఉంది. సాక్షిగా వచ్చి నవ్విన సత్రం యజమాని పీటర్‌ను కేవలం నవ్వి పోయేవాడిగా వదలకండి. థీస్ ఆయన దగ్గర అద్దెకు ఉన్నవాడు కదా, ఇద్దరూ ఒకే కప్పు కింద చలికాలాలు గడిపారు. ఆయనకు క్షామంలో ఒక అధ్యాయం ఇవ్వండి. సత్రంలో బీరు కాచడానికి బార్లీ ఉండదు, అటుగా వచ్చేవారికి పెట్టడానికి రొట్టె ఉండదు. అప్పుడు తలుపు తట్టిన మనుమరాలికి ఆయన ఏం సమాధానం చెబుతాడన్నది చదవాలని నాకు ఇప్పటినుంచే ఉంది.